సముద్రానికి బయల్దేరేవాణ్ణి అడగకూడని మూడు ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. నా నోట్లో పడితే జానెడు కానాగంత చేప సొరచేప అవుతుంది. చినుకు తుఫానవుతుంది. పోర్ట్ బ్లెయిర్ డెలానీపూర్‌లో మేముండే రెండు గదుల సర్కారీ క్వార్టరు కోటవుతుంది. ఇందులో నా తప్పేమీ లేదు. మా ద్వీపం చిన్నది, చుట్టూ ఉన్న సముద్రం పెద్దది. ఇలాంటి చోట బతికేవాడు కాస్త పెంచి చెప్పకపోతే అలల చప్పుడులో ఎవరి చెవిన పడుతుంది?

మా ఆవిడ మాత్రం దీన్ని జబ్బంటుంది. పెళ్ళయిన నాటి నుంచి నా పక్కనే కూర్చుని, నేను 'వంద' అంటే 'పది' అనీ, 'పది' అంటే 'మూడు' అనీ దిద్దుతూ వస్తోంది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆమె చదివింది. దిద్దమన్నచోటల్లా దిద్దాను. చౌల్దారీ నుంచి కూరల బండి వచ్చిందని ఆమె కిందికి దిగినప్పుడు మళ్ళీ పెంచాను.

సంగతి మా మేనకోడలిది. నా చెల్లెలి కూతురు. పుట్టింది ఇక్కడే, పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో, ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం. (వాన లేదు, ఉక్కపోత - మా ఆవిడ.) దానికి మూడేళ్ళు నిండకుండానే ఓడలో వంటవాడైన వాళ్ళ నాన్నకి న్యూజిలాండ్‌లో స్థిరమైన పని దొరికింది. ద్వీపం వదిలి వెళ్ళిన మనిషి ఏ ఖండానికో వెళ్ళకుండా మళ్ళీ ద్వీపానికే వెళ్ళడమేమిటని నేను అప్పట్లోనే ఆక్షేపించాను. ఎవరూ వినలేదు.

పిల్ల అక్కడే పెరిగి చేపల చదువు చదివింది. చేపల చదువంటే మా వాళ్ళు చాలాకాలం నమ్మలేదు. మా వంశంలో తాతల నాటి నుంచి చేపలు పట్టారు, అమ్మారు, ఎండబెట్టారు, తిన్నారు. చదవడం మాత్రం ఎవరూ చెయ్యలేదు. ఆ చదువు ఆఖర్లో వేరే దేశంలో కొన్నాళ్ళు పనిచేసి రావాలట, దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారట. తోటివాళ్ళంతా నార్వే అనీ జపాన్ అనీ రాసిస్తే మా పిల్ల పోర్ట్ బ్లెయిర్ అని రాసిచ్చింది. వాళ్ళ కాలేజీలో అదెక్కడుందో వెతకడానికి భూగోళాన్ని రెండుసార్లు తిప్పి ఉంటారు.

ఇక్కడ చేపల సంగతులు చూసే ఒక ఆఫీసు దాన్ని చేర్చుకుంది. విమానం దిగగానే ఎయిర్‌పోర్టులోనే పరదేశీలకిచ్చే పర్మిట్ పుచ్చుకుని, గడువు దాటకుండా తిరిగి వెళ్ళాలి. పుట్టిన ఊళ్ళో కాలు పెట్టడానికి పర్మిట్! కౌంటర్‌లో ఉన్నాయన పాస్‌పోర్టు తిరగేస్తూ, అండమాన్‌కి రావడం ఇదే మొదటిసారా అని అడిగాడట.

"రెండోసారి సార్. మొదటిసారి పుట్టడానికి వచ్చాను" అందట.

మా రక్తమే అని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

ఆ పిల్ల నోరు తెరిచాక మేమందరం బిత్తరపోయాం. ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు వస్తుందనుకుంటే తెలుగు వచ్చింది. అదీ మామూలు తెలుగు కాదు. మా అమ్మ మాట్లాడిన తెలుగు. నా చెల్లెలు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన భాషని జాడీలో ఆవకాయలా మూత బిగించి ఉంచి, చెమ్మ తగలనివ్వకుండా, ముక్క మెత్తబడనివ్వకుండా పిల్లకి పెట్టింది. ఇక్కడున్న మేమేమో రోజూ మూత తీసి హిందీ కలిపేసుకున్నాం. మా కింది క్వార్టరు పిల్లలు "ఆంటీ, మేరా బాల్ మీ బాల్కనీలో గిర్ గయా, జర ఇవ్వరా" అంటే, మా మేనకోడలు నా వంక తిరిగి, "మావయ్యా, ఆ గుంటలు ఏ బాసలో మాట్లాడతన్నారు?" అనడిగింది.

"తెలుగేనమ్మా" అన్నాను తల దించుకుని.

ఆ తెలుగే కొంప ముంచింది.

దాని పని చెప్తాను. పొద్దున్నే మా వాళ్ళ ఘాట్‌కి వెళ్ళాలి. వేటకి బయల్దేరే బోటువాళ్ళని మూడు ప్రశ్నలడగాలి: ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పుడు తిరిగొస్తారు, ఎన్ని చేపలు పడతాయనుకుంటున్నారు. మళ్ళీ సాయంత్రం వెళ్ళి నిజంగా ఎన్ని పడ్డాయో రాసుకోవాలి. ఏ నీళ్ళలో ఏ చేప ఎంత ఉందో ఆ ఆఫీసుకి తెలియాలి. ఆ లెక్కలతో ఈ పిల్ల ఒక రిపోర్టు రాసి పట్టుకెళ్తేనే కాలేజీవాళ్ళు డిగ్రీ చేతిలో పెడతారు. రిపోర్టు లేకపోతే ఏడాది వృథా. అందుకని అది ఒక అట్ట, ఆ అట్టకి క్లిప్పు, ఆ క్లిప్పుకి దారం, దారానికి పెన్ను కట్టుకుని, యుద్ధానికి వెళ్ళే సిపాయిలా తయారైంది.

మొదటి రోజు స్కూటర్ మీద నేనే దించాను. ఆ ఘాట్ మాకు పుట్టిల్లు. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు ఈ దీవుల్లో మనుషుల్ని నింపుతుంటే మా నాన్న తరంవాళ్ళు సిక్కోలు తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఆ ఒడ్డున దిగారు. వలలు తెచ్చుకున్నారు, గంగమ్మని తెచ్చుకున్నారు. వాటితోపాటు వాళ్ళ శకునాలన్నీ టిక్కెట్టు లేకుండా అదే ఓడలో వచ్చేశాయి. అందరూ సముద్రం మీద బతికారు, నేనొక్కణ్ణే గుమాస్తానయ్యాను. బక్కెట్లో నీళ్ళు కదిలినా కడుపులో తిప్పే మనిషిని వంశంలో నేనే.

మా పెద్దనాన్న కొడుకు, మా అన్నయ్య, ఆ ఘాట్‌లో పెద్ద బోటుకి యజమాని. ఆయన మెట్లు దిగుతుంటే చూపించి, "అదుగో మీ పెద్ద మావయ్య, వెళ్ళి పలకరించు" అని చెప్పి నేను చాయ్ దుకాణంలోకి వెళ్ళాను. చాయ్‌లో పంచదార కలిసేలోపు జరగాల్సింది జరిగిపోయింది.

అన్నయ్య ఒక చేత్తో డీజిల్ డబ్బా, ఇంకో చేత్తో అన్నం క్యారేజీ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు బోటు దాకా చేర్చే చిన్న డింగీలోనూ పెట్టి ఉన్నాడు. మా పిల్ల ఎదురెళ్ళి చక్కగా నమస్కారం పెట్టింది.

"పెద్ద మావయ్యా, ఇయ్యాల యే దిక్కుకెల్తన్నావు?"

అన్నయ్య డింగీలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

డీజిల్ డబ్బా కింద పెట్టాడు.

"ఎన్ని సేపలు పడతాయనుకుంటన్నావు?"

క్యారేజీ కూడా కింద పెట్టి, మెట్టు మీద కూలబడ్డాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సముద్రానికి బయల్దేరేవాణ్ణి 'ఎక్కడికి' అని అడగకూడదు. 'ఎప్పుడొస్తావు' అని అసలే అడగకూడదు. వచ్చేదీ రానిదీ గంగమ్మ చేతిలో ఉంటుంది, మన నోట్లో కాదు. పట్టని చేపని లెక్కపెట్టడం అన్నింటికంటే పెద్ద అపరాధం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెవిన పడినా మనిషి ఇంటికి తిరిగెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. మూడూ ఒకేసారి పడ్డవాడు ఏం చెయ్యాలో మా పెద్దలు చెప్పలేదు. అలాంటిది జరుగుతుందని వాళ్ళకి ఊహే లేదు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి అన్నయ్య గుండె మీద చెయ్యేసుకుని ఉన్నాడు.

"ఒరే, ఈ గుంట ఇంగ్లీసులో అడిగినా బాగున్ను కదరా! ఇంగ్లీసు గంగమ్మకి సమజ్ అవదు. హిందీలో అడిగినా చలేగా అనుకుందును. మీ యమ్మ అడిగినట్టే అడిగీసిందిరా, సాఫ్ తెలుగులో!"

"పరదేశం పిల్ల అన్నయ్యా, తెలియదు" అన్నాను.

"దానికి తెల్దు. నా సెవులకి తెల్దేటి?"

డబ్బా తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఈలోగా మా పిల్ల, పెద్ద మావయ్య ఎందుకో అలిసిపోయాడనుకుని, మిగతా బోట్ల దగ్గరికి వెళ్ళింది. నేను ఆపేలోపు నలభై బోట్లని (ఆరు - మా ఆవిడ) అడిగేసింది. అందరికీ చేతులు జోడించి, అందరినీ వరస పెట్టి పిలిచి, చిరునవ్వుతో, ముత్యాల్లాంటి తెలుగులో అడిగింది. ఒక్కొక్క ఇంజనూ ఆగిపోయింది. ఘాట్‌లో ఎంత నిశ్శబ్దమంటే అవతలి ఒడ్డున కాకి రెక్క దులుపుకుంటే వినపడింది. ఆ రోజు ద్వీపంలో చేపల ధర విమానం టిక్కెట్టుని దాటింది. రంగత్ నుంచి బస్సులో వచ్చిన పెళ్ళివారికి విందులో దోసకాయ పప్పు వడ్డించారు. నౌకాదళం వాళ్ళు కూడా దుర్భిణీ పెట్టి, సముద్రం మీద ఒక్క బోటూ లేదేమిటని చూశారు. (పప్పు మా ఇంట్లో. పెళ్ళివారు ఎవరూ లేరు - మా ఆవిడ.)

ఇంటికొచ్చాక సంగతి విడమర్చి చెప్పాను. పిల్ల ముఖం మాడిపోయింది.

"నేను ఒట్టి ప్రశ్నే కదా మావయ్యా అడిగింది?"

"బయల్దేరేవాడికి అది ప్రశ్న కాదమ్మా, అడ్డు."

"అడగకపోతే ఎలాగ తెలుస్తాది?"

అది అన్నం కలిపి వదిలేసింది. "నాను ఒకల కడుపు కొట్టడానికి రాలేదు" అని ఒకే మాట అని లేచిపోయింది. నా చెల్లెలు అలిగినప్పుడు కూడా కంచం ఇలాగే పక్కకి జరిపేది.

మర్నాడు కొబ్బరికాయ పట్టుకుని గంగమ్మ గుడికి వెళ్ళి కొట్టింది. ఆ ఆరు ఇళ్ళకీ వెళ్ళి పేరుపేరునా తప్పు ఒప్పుకుంది. మా వాళ్ళు కోపం పెట్టుకునే జనం కాదు. చాయ్ ఇచ్చారు, కరకరలాడే నిమ్కీలు పెట్టారు, "కోయీ బాత్ నై బేటీ" అన్నారు, బుగ్గలు పుణికారు. కానీ పొద్దుటి పూట ఆ అట్ట కనిపిస్తే చాలు, మాయమైపోయేవారు. కొందరు మడ చెట్ల వెనకదారిన వెళ్ళి డింగీ ఎక్కారు. ఒకడైతే వల మీద కప్పుకుని చేపలా పడుకున్నాడు, అది దాటి వెళ్ళేదాకా కదల్లేదు.

సరే, పొద్దుటి ప్రశ్నలు వదిలేద్దామంది. తిరిగొచ్చాక అడిగితే శకునం బాధ లేదు కదా అని సాయంత్రాలు మొదలుపెట్టింది. అక్కడ ఇంకో గోడ ఉంది. మా ఘాట్‌లో వేట నుంచి వచ్చినవాడు ఎన్ని పడ్డాయో చెప్పడు. చెప్తే దిష్టి. పైగా ఆ చోటుకి రేపు అందరూ ఎగబడతారు.

"బాబాయ్, ఎన్ని పడ్డాయి?"

"ఏటీ నేదమ్మా. ఖాలీ హాథ్. డీజిల్ ఖర్చు దండగ."

అనేవాడి వెనకాల బుట్టలోంచి సుర్మై తోక బయటికి వచ్చి ఊగుతూ ఉండేది. సుర్మై అంటే వంజరం, మా పెద్దలు కోనాం అనేవారే, అదే. మా పిల్లకి న్యూజిలాండ్‌లో పెద్దవాళ్ళ మాట కాదనకూడదని నేర్పారేమో, తోక వంక చూసి, మనిషి వంక చూసి, అట్ట మీద సున్నా వేసుకునేది.

అలా కొన్నాళ్ళు సున్నాలు పండించాక ఆఫీసులో పైఅధికారి పిలిచాడు. సున్నాల వంక చాలాసేపు చూశాడట.

"మేడం, మీ లెక్క ప్రకారం అండమాన్ సముద్రంలో చేపలు లేవు. నిన్న నేను ఏం తిన్నానంటారు?"

ఇది ఎలాగూ అయ్యే పని కాదు, ఉన్న గడువులో ఆఫీసులోనే కూర్చుని సీసాల్లో భద్రపరిచిన చేపలకి లేబుళ్ళు అంటించమన్నాడు. ఈ వారం చివరిదాకా చూసి, అప్పటికీ లెక్కలు రాకపోతే సోమవారం నుంచి సీసాలే. లేబుళ్ళు అంటిస్తే కాలేజీవాళ్ళు డిగ్రీ ఇవ్వరు. పర్మిట్ అయిపోతే మళ్ళీ రావడానికి డబ్బూ లేదు, వ్యవధీ లేదు.

ఆ సాయంత్రం అది డాబా మీద కూర్చుని తల్లితో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. "మన ఘాట్ అని వచ్చానమ్మా. మనోళ్ళకి నన్ను సూస్తేనే బయం" అంటోంది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. నాలాంటి వాగుడుకాయకి కూడా మాట రాని సందర్భాలుంటాయి. వంద లేవు, మూడు.

భోజనాల దగ్గర దాన్ని నవ్వించాలని నా ఆఫీసు కబుర్లు అందుకున్నాను.

"ఇవాళ మా ఆఫీసుకి తేనెటీగలొచ్చాయి. లక్ష! ఫైళ్ళు కనబడలేదు. యాభైమంది కిటికీల్లోంచి దూకారు."

"లక్షా లేదు, గిక్షా లేదు. నాలుగు కందిరీగలు. ప్యూను చీపురుతో తోలేశాడు. దూకింది మీరొక్కరే, అదీ గుమ్మంలోంచి" అంది మా ఆవిడ, చారు వడ్డిస్తూ.

"నీకెలా తెలుసు?"

"ప్యూను భార్య చెప్పింది."

"సరే, నువ్వు పొద్దున్న చౌల్దారీ బండి దగ్గర వంకాయలకి వెయ్యి రూపాయలు తగలేశావు."

"వెయ్యా! అరవై. పావు కేజీ కొసరు కూడా వేయించుకున్నాను."

మా పిల్ల ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. నా వంక చూసింది. అత్త వంక చూసింది.

"అత్తా, పొద్దున్న వంకాయలు ఎంతకి కొన్నావని నేనడిగితే నువ్వు చెప్పలేదు."

"నీకెందుకమ్మా ఆ గోల, తిను అన్నాను."

"అదే. అడిగితే చెప్పలేదు. మావయ్య తప్పు చెప్తే కొసరుతో సహా చెప్పావు."

ముద్ద కంచంలో పెట్టేసి, ఎడం చేత్తో నా భుజం పట్టుకుంది.

"మావయ్యా, నాకు నీలాగ కోతలు కొయ్యడం నేర్పు."

నా జీవితంలో నన్నెవరూ ఏదీ నేర్పమని అడగలేదు. మా ఆవిడ తల కొట్టుకుంది. ఆ రాత్రికే చదువు మొదలు. ఎంత కష్టమైందో ఏం చెప్పను! సత్యసంధుల దేశంలో పెరిగిన పిల్ల.

"ఊఁ, పెద్ద మావయ్యకి నిన్న ఎంత చేప పడిందో చెప్పు."

"నిన్న పెద్ద మావయ్యకి సుమారు పన్నెండు నుంచి పదిహేను కేజీల వరకు..."

"ఆపు తల్లీ. ఇది కొయ్యడం కాదు, వాతావరణ సూచన. సుమారు అనకూడదు. కేజీలు అసలే అనకూడదు. జంతువుని చెప్పు."

"మేకంత?"

"ఇంకా."

"గేదెంత?"

"భయపడకు, ఇంకా."

"ఏనుగంత... అది డింగీలో పడతాదేటి మావయ్యా?"

"అదిగో! పడుతుందా అని ఆలోచించేవాళ్ళు ఈ పనికి పనికిరారు."

మర్నాడు సాయంత్రం నేను ఆఫీసు నుంచి తిన్నగా ఘాట్‌కి వెళ్ళాను. అట్ట ఇంట్లో వదిలి రమ్మన్నాను. వదిలి వచ్చింది. బోట్లు ఒడ్డుకి చేరుతున్నాయి. చేపల వేలం పాడే మా పెద్దమ్మ, మెట్ల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని ఉంది. ఆవిడ గొంతు విప్పితే హేవ్‌లాక్ దీవికి వెళ్ళే ఓడ తన హారనే అనుకుని ఆగుతుంది. అన్నయ్య బోటు దిగి, బుట్ట మీద తడి గోనె కప్పుతున్నాడు. మా పిల్ల వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. అన్నయ్య, ఏం అడుగుతుందోనని ముందే మొహం తిప్పుకున్నాడు.

అది అడగలేదు. గాలితో చెప్పినట్టు, గట్టిగా చెప్పింది.

"పెద్దమ్మమ్మా, ఇన్నావా? పెద్ద మావయ్యకి ఇయ్యాల ఏనుగంత సుర్మై పడిందంట. ఊరు ఊరంతా సెప్పుకుంటన్నారు."

ఘాట్ అంతా తల తిప్పింది. అన్నయ్య చేతిలో గోనె జారిపోయింది.

"ఏనుగా? కోన్ బోలా? ఏ యెదవ సెప్పినాడు?"

ఆయన బాధ నాకు తెలుసు. ఏమీ పడలేదని చెప్పుకోవడం ఆచారం. కానీ ఏనుగంత పడిందని ఊరు నమ్మితే, దిష్టికి దిష్టి తగులుతుంది, తెల్లారేసరికి చుట్టాలందరూ గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. అప్పుడు 'ఏటీ నేదు' అంటే ఎవడు నమ్ముతాడు? ఉన్న బరువు చెప్తే తప్ప ఆ ఏనుగు చావదు.

"రెండు సుర్మైలు! సునో సబ్ లోగ్, రెండే రెండు! ఒకటి ఎనిమిది కేజీలు, ఒకటి అయిదున్నర. అదీ రట్లాండ్ దీవి దాటి ఎల్తే! కావాలంటే తూచుకోండి!"

"అయిదున్నరేటి, ఆరుంటాది. నా సేత్తో ఎత్తినాను" అంది పెద్దమ్మ, లేచొచ్చి బుట్టలోది ఎత్తి చూసి.

"దీదీ, ఆయన మాట నమ్మకు. రట్లాండ్ దాటలేదు, ఇవతలే! నా బోటు పక్కనే ఉంది" అన్నాడు పక్క డింగీ కుర్రాడు.

"నీ బోటుకైతే తిమింగలం పడిందంట కదా భయ్యా?" అంది మా పిల్ల, వాడి వైపు తిరిగి.

"తిమింగలమా! ఓలమ్మో! సూర సేపలు దీదీ, తొమ్మిది సూరలు, బస్!"

ఇంక చెప్పడానికేముంది. కట్ట తెగింది. ఒకడి చేపలు ఇంకొకడు చెప్పాడు. వాడిది తప్పని మూడోవాడు చెప్పాడు. వాళ్ళ ముగ్గురినీ పెద్దమ్మ దిద్దింది. మా పిల్ల మధ్యలో నిలబడి ఏనుగుల్నీ తిమింగలాల్నీ వదులుతూ ఉంటే, నిజాలు వచ్చి దాని కాళ్ళ దగ్గర పడ్డాయి. మధ్యమధ్య ఐసు గది వెనక్కి పరిగెత్తి, అరచేతి మీద రాసుకుని వచ్చేది. నాకు గర్వంతో ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీలు రాలి సముద్రంలో పడ్డాయి. (ఒక గుండీ. అది నెల నుంచీ వదులుగానే ఉంది - మా ఆవిడ.)

మోసం ఎన్నాళ్ళు దాగుతుంది? నాలుగో రోజుకే అన్నయ్య కనిపెట్టాడు. అరచేతి మీద సిరా చూశాడు. ఆయన కాసేపు ఆ చెయ్యి పట్టుకుని చూసి, "నా సూరలు పదకొండైతే పదని రాసినావు. నీ లెక్క గలత్" అన్నాడు. అంతే. అప్పటి నుంచి అందరికీ ఆట తెలిసిపోయింది. తెలిసినా ఆడారు. అది ఏనుగంటే తప్ప చెప్పేవారు కాదు. దిష్టికి దారి లేకుండా ఏనుగు అడ్డం ఉంటుంది కదా! పెద్దమ్మ అయితే పొద్దుపోతుంటే "ఏటే గుంటా, ఇయ్యాల ఏనుగు రాలేదేటి?" అని ఎదురుచూసేది.

సీసాలూ లేబుళ్ళూ గోడ అలమారాలోనే ఉండిపోయాయి. రిపోర్టు చూసి పైఅధికారి, ఇన్ని వివరాలు ఎలా రాబట్టారు మేడం అనడిగాడట.

"అడగడం మానేశాను సార్" అందట.

వెళ్ళే ముందురోజు ఘాట్‌లో వీడ్కోలు. వదిన సూర వేపుడు చేసింది. ఎండుచేపలు మూట కట్టబోతే మా పిల్ల వద్దంది. న్యూజిలాండ్ వాళ్ళు చెప్పు అడుగున ఉన్న మట్టిని కూడా కడిగి గానీ లోపలికి రానివ్వరట. అయితే ఇక్కడే తినెయ్యమని కొసరి కొసరి పెట్టారు. స్వెట్టర్ పెట్టుకున్నావా అన్నారు, విమానంలో కిటికీ దొరికిందా అన్నారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయన్నారు. ఒక్కరూ మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు.

ఎందుకు అడగలేదో దానికిప్పుడు తెలుసు. తెలిసినా మెల్లగా మాట తగ్గించేసింది. ఒక్కొక్కరి మొహంలోకి చూస్తోంది. అన్నయ్య పక్కకి కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు:

"ఈ గుంట ఇంక రాదురా. బుడ్డీ అయిపోయి, పళ్ళూడిపోయి, కర్ర ఊపుకుంటూ వస్తాది. అప్పటికి నానూ ఉండను, ఈ ఘాటూ ఉండదు."

"కర్రా లేదు, గిర్రా లేదు!" మా పిల్ల లేచి నిలబడింది. "చదువైపోగానే వస్తాను. వచ్చే ఏడు వానలు తగ్గేసరికి ఇక్కడుంటాను. సూడు కావాలంటే!"

అన్నయ్య అప్పుడు తల ఎత్తాడు. పళ్ళన్నీ కనిపించాయి.

"సునా సబ్? నాను అడగలేదు. అదే సెప్పింది."

మర్నాడు ఎయిర్‌పోర్టుకి మేమిద్దరం వెళ్ళాం. లోపలికి వెళ్ళే తలుపు దాకా నడిచాం. నేను మా పెద్దల ఆచారం తప్పకుండా, నోరు కట్టుకుని, చెయ్యి ఊపి, మౌనంగా పంపించేశాను.

ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇందులో పెంచినవి చాలా ఉన్నాయి, అవి మీకూ తెలుసు. వల కప్పుకుని చేపలా పడుకున్నవాడు మాత్రం నిజం, ఇప్పటికీ అడిగితే సిగ్గుపడతాడు. పెళ్ళివారు పోగా, పూర్తిగా కల్పించింది ఒక్కటే: ఎయిర్‌పోర్టులో నోరు కట్టుకుని పంపించేశానన్న వాక్యం.

నేను నోరు కట్టుకోలేదు. పిల్ల తలుపు దగ్గర టిక్కెట్టు చూపిస్తోంది. దాని జడ వెనక నుంచి అచ్చం నా చెల్లెలి జడలా ఉంది. చెల్లెలు ద్వీపం వదిలిన ఏడు ఓడ మెట్లు ఎక్కుతున్నప్పుడు చూసిన జడ. నా నోరు నా మాట వినలేదు. "మళ్ళీ ఎప్పుడొస్తావే?" అని అరిచేశాను. ఎప్పుడొస్తుందో ముందురోజే విన్నాను, అయినా అరిచాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

అది ఆగింది. కాపలా జవానుకి ఏదో చెప్పి, టిక్కెట్టు వెనక్కి తీసుకుని, ట్రాలీ తిప్పుకుని మా దగ్గరికి తిరిగొచ్చింది. బెంచీ మీద కూర్చుంది. అత్త చేతిలో సీసా తీసుకుని మంచినీళ్ళు తాగింది. మిగిలిన నీళ్ళు రెండు బూట్ల మీదా కాసిని ఒంపుకుంది. ఎయిర్‌పోర్టు మొత్తం దాని వంకే చూసింది. (ఆ జవాను ఒక్కడే - మా ఆవిడ.)

"ఇప్పుడు మళ్ళీ బయల్దేరతన్నాను. ఈసారి నోరు మూసుకో మావయ్యా" అంది.

మా ఆవిడ చీర కొంగు తీసి నా నోటికి అడ్డం పెట్టింది. పిల్ల తలుపు దాటి, లోపల అద్దం వెనక కనుమరుగయ్యేదాకా తియ్యలేదు. ఈ ముక్క చదివి కూడా ఆమె ఏమీ దిద్దలేదు.